కాసేపాగి రా

నమోదు 1
వెలుగు, మొదటి నిద్ర లేచాక

పంపులన్నీ బాగున్నాయి. తోక గది పంపు మాత్రం ‘కాసేపాగి రా’ అంది. ఆగాను. మళ్లీ అడిగాను. మళ్లీ అదే అంది. మర్యాద తెలిసిన పంపు.

వాటా ఉన్న ప్రతి ఇల్లూ తన పని ఎలా నడుస్తోందో రాసిపెట్టాలని పెద్దలు కొత్తగా నియమం పెట్టారు. అందుకని రాస్తున్నాను. నా పేరు నాంచారి. తూగూరు గాలి పంపుల వాటా మాది. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చింది. నాకు నోరు దురుసని ఊళ్లో అనుకుంటారు. ఎదురుగా ఎవరూ అనరు. మా ఊళ్లో ఎదురుగా ఎవరూ ఏమీ అనరు.

కిటికీల మీద పట్టిన పసుపు మసి తుడిచాను. బయట మబ్బు మజ్జిగ తేటలా పలచగా ఉంది. ఇంటి బుడగ పడమటి మూల కాస్త వదులైతే గాలి పట్టించాను. మేం పీల్చే గాలే మమ్మల్ని తేలుస్తుంది. అందుకే ఎవరైనా గట్టిగా నిట్టూరిస్తే, ఊరిని దించేస్తావా ఏం అని వేళాకోళం చేస్తాం. కింద శుక్రుడి నేల ఉందంటారు. చూసినవాళ్లు లేరు, చూసి తిరిగొచ్చినవాళ్లు అసలే లేరు.

పని అయ్యాక తీగ మీద తమ్ముడితో మాట్లాడాను. తిరుపాలు ఈ విడత తోక గదిలో ఉన్నాడు. ఊరికి కిందుగా పొడవాటి తాడుకి వేలాడే చిన్న గది అది. అక్కడ మబ్బు చిక్కగా ఉంటుంది. పులుపు చినుకులు పట్టి, నీళ్లుగా మార్చి పైకి పంపాలి. విడతకి ఒక్కడే దిగుతాడు.

“అక్కా, మంచి కలొచ్చింది,” అన్నాడు. గొంతులో ఇంకా నిద్ర ఉంది.

“ఏం కలరా?”

“నేల మీద నడుస్తున్నా. అది కదలట్లేదే. అడుగేస్తే అక్కడే ఉంటంది. నాకేమో నవ్వాగట్లేదు.”

“నేలని నువ్వెప్పుడు చూశావురా?”

“ఇప్పుడే చూశాగా.”

వాడు నవ్వితే నాకూ నవ్వొచ్చింది. అమ్మ పోయిన కొత్తలో వాడు కల వచ్చినప్పుడల్లా నా పక్కలో దూరి చెప్పేవాడు. ఇప్పుడు మీసాలొచ్చాయి గానీ ఆ అలవాటు పోలేదు. పోకపోవడమే నాకిష్టం.

నమోదు 2
అదే వెలుగు, రెండో నిద్ర లేచాక. ఇంకా మధ్యాహ్నమే, మా వెలుగు రెండు మూడు నిద్రల పొడుగు కదా

తోక గది పంపు మాట మార్చలేదు.

అమ్మమ్మ ఒక సంగతి చెప్పేది. వెనకటికి భూమ్మీద దయ్యం వచ్చి తలుపులు తట్టేదట. జనం తలుపు మీద ‘రేపు రా’ అని రాసిపెట్టేవారట. దయ్యం అది చదువుకుని, సరే రేపే వద్దాం అని వెళ్లిపోయేది. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదివేది. దయ్యానికి బుర్ర లేదని అమ్మమ్మ తెగ నవ్వేది. నాకు మాత్రం ఆ దయ్యాన్ని తలుచుకుంటే జాలేసేది. రోజూ ఎంత దూరం నడిచి వచ్చేదో ఎవరికి తెలుసు?

మా కెర్నెల్ కూడా అలాంటిదే. ఊళ్లోని యంత్రాలన్నిటికీ అడుగున ఉండి, ఎవరికెంత గాలి, ఎవరికెంత వెలుతురు అని పంచిపెట్టే కోడ్ అది. మేం గింజ అంటాం. దాన్ని ముక్కలు చేసి ఇంటికో వాటా ఇచ్చారు. ఒకరి వాటాని ఇంకొకరు ముట్టరు. ఏ వాటాని ఏది అడిగినా రెండే జవాబులు వస్తాయి. అడిగింది ఇస్తుంది, లేకపోతే ఎందుకివ్వలేదో చెబుతుంది. ఆ రెండోదాన్ని ఎర్రర్ అంటారు. పాతకాలపు కెర్నెల్‌లలో ఎర్రర్లు బోలెడు రకాలుండేవట. చోటు లేదు, పనిలో ఉంది, పాడైంది, అసలు అలాంటి వస్తువే లేదు, ఇలా. మా ఊళ్లో ఒక్కటే రకం. కాసేపాగి రా.

అది మా ఊరి తీరు. ఇరుగుపొరుగు అడిగినదానికి లేదని మొహం మీద చెప్పం. గాలి బదులడిగినా, పిల్లనడిగినా, కాసేపాగి రండి అంటాం. అడిగినవాడు గ్రహించి ఇంటికి పోతాడు, మళ్లీ రాడు. అమ్మమ్మల కాలం వాళ్లు గింజని కూడా తమలాగే మర్యాదగా రాశారు. మనిషికైతే అర్థమవుతుంది. గింజకి ఎవరు చెబుతారు? అది నిజంగానే కాసేపాగి వస్తుంది.

తిరుపాలు తీగ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

“పడుకున్నానక్కా. ఇంకో కల. మన ఇళ్లన్నీ తాళ్లు వదిలేసుకుని, పిల్లల్లాగా చేతులు పట్టుకుని నడిచిపోతన్నాయి. నువ్వు వెనకాల కేకలేస్తన్నావు.”

“అక్కడ గాలెలా ఉంది?”

“బాగానే ఉంది. కాస్త బరువుగా ఉందంతే.”

“బరువంటే?”

“తొందరేం లేదులే అక్కా.”

తీగ పెట్టేసి మళ్లీ పంపుని అడిగాను. మా ఊళ్లో పీకల మీదికి వస్తే గానీ ఎవరూ తొందరేం లేదనే మాట వాడరు.

నమోదు 3
కొత్త వెలుగు, తెల్లవారుతూ

చీకటంతా పంపుని అడుగుతూనే గడిపాను. తెల్లవారాక కోపం వచ్చి, అమ్మ రాసిన కోడ్ కిందికి, అమ్మమ్మ రాసినదాని కిందికి దిగాను. పంపు తనంతట తాను ఏం చెబుతోందో వినాలని.

అది చెబుతూనే ఉంది. ఇనుము కదా, దానికి మర్యాద రాదు. ఒక అంకె పంపుతుంది. ఆ అంకెకి అర్థం పాడయ్యాను అని. చాలాసేపటి నుంచి కాదు, చాలా రోజుల నుంచి అదే పంపుతోంది. అమ్మమ్మ కోడ్ ఆ అంకెని గుమ్మంలోనే ఆపి, బట్టలు మార్చి, కాసేపాగి రా అని లోపలికి పంపుతోంది. చోటు లేకపోయినా అదే, పనిలో ఉన్నా అదే, చచ్చిపోయినా అదే.

అంటే తోక గదికి కొత్త గాలి వెళ్లట్లేదు. తిరుపాలు వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తున్నాడు. వాడి కలలు అందుకే అంత తియ్యగా ఉన్నాయి. పోయిన చీకటికి ఎలాగో తట్టుకుంది గానీ, ఈ వెలుగు వాలి చలి మొదలైతే గదిని తేల్చే సంచి ముడుచుకుపోతుంది. అప్పుడు వాడికొచ్చే నిద్రలోంచి లేవడు.

పరుగున మాణిక్యం పిన్ని ఇంటికి వెళ్లాను. తాళ్లు చుట్టే రాట్నాలు ఆమె వాటా. పిన్ని నెమ్మదస్తురాలు. ఆమె దగ్గరికెళితే అరిచేవాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించలేదు.

“తమ్ముణ్ని పైకి లాగు పిన్నీ. ఇప్పుడే లాగు.”

ఆమె మారు మాట్లాడకుండా రాట్నం మీట వేసింది. రాట్నం కదల్లేదు. పలక మీద అక్షరాలు వచ్చాయి. కాసేపాగి రా.

ఇద్దరం కోడ్ చదివాం. రాట్నం తిరగాలంటే ముందు పంపు తోక గదికి బిగించిన తన గొట్టాన్ని వదలాలి. వదిలావా అని రాట్నం అడుగుతోంది. కాసేపాగి రమ్మని పంపు తరఫున నా వాటా చెబుతోంది. రాట్నం బుద్ధిగా ఆగుతోంది. గింజకి తెలిసినంతలో అంతా సవ్యంగానే ఉంది, కాకపోతే కొంచెం ఆలస్యం. చేత్తో లాగుదామంటే ఊరంతా పట్టినా కదిలే బరువు కాదు. మనిషిని దింపుదామంటే అంత కిందికి దిగే ఉడుపు మా దగ్గర లేదు.

పిన్ని ఇంట్లో రాట్నాలు రెండు. రెండో రాట్నం మీద ఉన్నది జోగయ్య బాబాయి తాడు. బాబాయి పిన్ని భర్త. నా చిన్నతనంలో తోక గదికి దిగాడు. పెద్ద గాలివాన వచ్చి తీగ తెగిపోయింది. ఆయన సంగతి అడిగితే గింజ కాసేపాగి రా అంది. అప్పటి నుంచి పిన్ని నిద్ర లేవగానే ఆ పలక ముందు నిలబడి అడుగుతుంది. అదే జవాబు వస్తుంది. సరేలే అని వెళ్లి టీ పెట్టుకుంటుంది. రెండు గ్లాసులు పెడుతుంది.

ఆ రెండో గ్లాసు గురించి ఊళ్లో ఎవరం ఎప్పుడూ మాట్లాడలేదు. ఇవాళ నాకు అది చూస్తే భయం వేసింది.

నమోదు 4
అదే వెలుగు, పొద్దు నడినెత్తికి వచ్చాక

ఎర్రర్లలో కొత్త రకం ఒకటి చేర్చాను. పేరు ‘ఇక రాదు’. పంపు పాడయ్యానన్న అంకె పంపితే, నా వాటా ఇకమీదట ఇక రాదు అనే చెబుతుంది. రాయడానికి ఒక్క వరుస. అమ్మమ్మ ఉంటే నా చెవి మెలేసేది.

తరవాత అత్తగారి దగ్గరికి పంపాను. మేం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ని మా ఊళ్లో అత్తగారు అంటాం. ఉప్పు తక్కువైనా, ముగ్గు వంకరైనా పొయ్యి వెలిగించనివ్వదు. ఒకచోట కొత్త రకం ఎర్రర్ పుట్టిందంటే, దాన్ని అందుకునే ప్రతి వాటాలోనూ, ఇది వస్తే నేను ఇది చేస్తాను అని రాసి ఉండాలి. ఒక్కచోట లేకపోయినా అత్తగారు మొత్తం గింజనే తిప్పికొడుతుంది. అలాగే తిప్పికొట్టింది. ఏ ఏ ఇళ్లు జవాబు రాయలేదో పేర్లు కూడా చెప్పింది. దాదాపు ఊరంతా ఉంది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. అడగాల్సిన మాటే అడుగుతోంది. ‘లేదు’ అంటే ఏం చేస్తారు? ఆ మాట మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇల్లిల్లూ తిరిగాను. పొయ్యిల వాటా ఈశ్వరి వదినది. సంగతి విన్నది, కళ్ల నీళ్లు పెట్టుకుంది, నాకు గ్లాసుడు అంబలి ఇచ్చింది, కూర్చుని రాసింది. అత్తగారు కూడా ఒప్పుకుంది. ఏం రాసిందా అని చూస్తే, ‘ఏదొచ్చినా ఆగు’ అని ఉంది.

“ఇదేంటి వదినా? గిన్నె మాడిపోయిందని చెప్పినా పొయ్యి మీదే ఉంచుతావా?”

“లేదనేది మన దగ్గరికి రావటమే తప్పు కదే. వస్తే చూద్దాం, కాసేపు ఆగుదాం.”

“ఆగితే తిరుపాలు పోతాడు.”

ఇల్లు మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. తాళ్లకి వేలాడదీసిన గిన్నెల మీద పసుపు వెలుగు జారుతోంది. ఆ వెలుగులో ఎవరైనా సరే కళ్లు మూసుకుని ఒరిగిపోవాలనుకుంటారు. నేను వదిన మోచెయ్యి పట్టుకుని కుదిపాను.

“పొయ్యి వెలగనంటే,” అంది చివరికి, “పక్కింటి పొయ్యి మీద వండుకుంటా.”

“అదే రాయి.”

రాసింది. రాశాక ఆ వరుసని తానే మళ్లీ చదువుకుని ఆశ్చర్యపోయింది. “ఇంతేనటే?” అంది.

వరహాలు మావయ్యవి దీపాలు. మనిషి నెమ్మది, పైగా చెవుడు. ఆయనకి నేను గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. లేదు, ఇక రాదు అని నేను అరుస్తుంటే పక్క ఇళ్లలో తలుపులు వేసుకున్నారు.

“లేదంటే చీకట్లో కూచుంటాం. దానికి రాసేదేముందే?” అన్నాడు.

“అది నీకు తెలుసు మావయ్యా. గింజకి తెలియదు.”

ఆయన తల గోక్కుని, దీపం తీసెయ్, పైవాళ్లతో నావల్ల కాలేదని చెప్పు అని రాశాడు. అంత తిన్నని వరుస నేను ఎవరి వాటాలోనూ చూడలేదు. నావల్ల కాలేదని తన పైవాళ్లతో చెప్పడం మా ఊళ్లో తల తీసేసినంత పని. మావయ్య కోడ్ రాసే పెట్టె మూసి, పళ్లు లేని నోటితో నవ్వాడు. “తేలిగ్గా ఉందే,” అన్నాడు.

ఆ మాట నాకంటే ముందే ఇళ్లలోకి పాకింది. తరవాతి గుమ్మాల్లో నేను చెప్పకముందే జనం పెట్టెలు తెరిచి కూర్చున్నారు. ఒకావిడ రాస్తూ ఏడ్చింది. ఎందుకో అడగలేదు. ఎవరి ఇంట్లో ఏ జవాబు కోసం ఆగుతున్నారో నాకేం తెలుసు?

మధ్యమధ్య తీగ మీద తిరుపాలుని లేపుతూనే ఉన్నాను.

“ఏంట్రా చేస్తున్నావు?”

“అమ్మ వచ్చిందక్కా. ఇక్కడే కూచుంది. చినుకులు కిందనించి పైకి కురుస్తన్నాయి, చూస్తంది.”

“తిరుపాలూ, కళ్లు తెరువు. నీకు గాలి ఉందా లేదా? సరిగ్గా చెప్పు.”

“పరవాలేదక్కా. నీ పని చూసుకో.”

తీగ చేత్తో పట్టుకుని బండబూతు తిట్టాను. వాడికి వినబడిందో లేదో. నాకు మాత్రం వాడిమీద ప్రేమ పొంగుకొచ్చింది.

నమోదు 5
అదే వెలుగు, పొద్దు వాలుతూ

అత్తగారి పట్టికలో ఒక్క పేరు మిగిలింది. మాణిక్యం పిన్ని.

వెళ్లేసరికి ఆమె రెండో రాట్నం ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పెట్టె ఒళ్లో ఉంది, తెరవలేదు. నేను చెప్పబోయేది ఆమెకి ముందే తెలుసు. కోడ్ చదివినప్పుడే తెలిసి ఉంటుంది. రాట్నాలు రెండైనా వాటిని తిప్పే కోడ్ ఒకటే. తిరుపాలు తాడు కోసం ఏం రాసినా అది బాబాయి తాడుకీ రాసినట్టే. ఆ తాడు తాలూకు పాత పంపు పంపేదీ పాడయ్యానన్న అంకే. ఇక రాదంటే తాడు చుట్టు అని రాసిందంటే, కొత్త గింజ లేవగానే రెండు రాట్నాలూ తిరుగుతాయి. ఇన్నేళ్ల తర్వాత బాబాయి తాడు పైకొస్తుంది.

ఇంతకు ముందు ఎవరి ఇంట్లోనూ నాకు నోరు పడిపోలేదు. ఇక్కడ పడిపోయింది. గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

“కూచోవే,” అంది.

“పిన్నీ, నీ తాడొక్కదానికీ మినహాయింపు రాస్తాను. ఒక్క వరుస. రెండో రాట్నం అడిగితే నా వాటా ఎప్పట్లా కాసేపాగి రా అనే అంటుంది. ఊళ్లో ఎవరికీ తెలియదు.”

చెప్పేటప్పుడు నాకు సిగ్గేసింది. పొద్దుటి నుంచి ఊరంతా తిరిగి ‘లేదు’ అనడానికి అందర్నీ ఒప్పించినదాన్ని, ఇక్కడికొచ్చి మళ్లీ అదే పాత అబద్ధం అమ్మబోయాను. అయినా చెప్పాను. ఆమెని చూస్తే చెప్పకుండా ఉండలేకపోయాను.

పిన్ని నవ్వింది. “నువ్వు కూడా నేర్చుకున్నావే మన ఊరి మర్యాద.”

“నీకోసమే పిన్నీ.”

“తెలుసులే.” కాసేపు తాడు వంక చూసింది. “దీన్ని చేత్తో పట్టుకుని చూస్తే తెలిసేది, కింద బరువుందో లేదో. తాళ్లదాన్ని కదా, ఆపాటి తెలియదా? ఒక్కసారి కూడా పట్టుకోలా. తుడిచేటప్పుడు కూడా గుడ్డ అడ్డం పెట్టుకునే తుడిచా.”

బయట వెలుగు నారింజ రంగుకి తిరుగుతోంది.

“ఆయన దిగేటప్పుడు గొడవ పడ్డాం,” అంది. “చిన్న గొడవే. మాట్లాడతావా లేదా అని ఈ గుమ్మంలో నించుని అడిగాడు. తరవాత మాట్లాడదాంలే, వెళ్లిరా అన్నా. అందుకనే నాకు ఆ జవాబు ఇష్టం. పలక మీద అది చూస్తే, ఇంకా మాట్లాడొచ్చు అనిపించేది.”

తీగ మోగలేదు. తిరుపాలు నుంచి మోగాల్సిన వేళ దాటింది. నేను తీగ వంక చూడటం పిన్ని చూసింది. పెట్టె తెరిచింది.

“మినహాయింపు అక్కర్లేదు నాంచారీ. వాడికో రకం, నాకో రకం రాస్తే ఆ కోడ్ ఎవరికి మంచిది? రేపు ఇంకో పిల్లాడు దిగుతాడు, ఆ రాట్నం మీద.”

రాసింది. ఇక రాదంటే, పట్టు వదులు. తాడు చుట్టు. అంతే రాసింది. అత్తగారు ఈసారి మారు మాట అనలేదు.

నమోదు 6
వెలుగు వాలాక

కొత్త గింజ లేచేటప్పుడు ఊరంతా ఒక్క క్షణం చీకటైంది. పంపులు ఆగాయి. ఎప్పుడూ వినపడే హోరు లేకపోయేసరికి మబ్బుల చప్పుడు వినిపించింది. మబ్బులకి చప్పుడుంటుందని నాకు తెలియదు. ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టుగా ఉంది. తరవాత దీపాలు ఒక్కొక్కటే వచ్చాయి. రానివి ఎందుకు రాలేదో వరహాలు మావయ్య ఇంటి పలక మీద ఉన్నదున్నట్టు వచ్చింది.

మొదటి రాట్నం పంపుని అడిగింది. ఇక రాదు అని జవాబు వచ్చింది. గొట్టం మీద పట్టు వదిలిపోయింది. తాడు కిర్రుమని బిగిసి, రాట్నం తిరగడం మొదలెట్టింది.

ఒక్క క్షణం తరవాత రెండోదీ తిరిగింది.

తిరుపాలు గది పైకి రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఈశ్వరి వదిన నా చెయ్యి పట్టుకుని ఉంది. పసుపు పొగలోంచి గది ముందు నీడలా కనిపించింది, తరవాత ముడతలు పడిన సంచితో సహా గుమ్మానికి తగిలింది. తలుపు తెరవగానే లోపల్నుంచి వచ్చిన గాలికి నాకు కళ్లు తిరిగాయి. వాడు మూలన ముడుచుకుని పడుకుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మొహం మీద మాత్రం నవ్వుంది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. లాగి చెంప మీద ఒకటి ఇచ్చాను. ఇంకోటి ఇచ్చాను.

దగ్గాడు. దగ్గి, దగ్గి, ఊపిరి పీల్చాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“గాలి లేదక్కా,” అన్నాడు. “అక్కడ గాలి లేదు.”

“తెలుసురా,” అన్నాను. “చచ్చినాడా, ఆ ముక్క ముందే చెప్పొద్దా.” వాడి తల ఒళ్లో పెట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. సిగ్గేమీ వెయ్యలేదు.

వాడికి కాస్త రంగు వచ్చాక, వదినకి అప్పగించి తల తిప్పి చూశాను. అందరూ ఇటే మూగారు. రెండో రాట్నం దగ్గర పిన్ని ఒక్కతే ఉంది. ఆ రాట్నం బరువేమీ లేకుండా గలగలా తిరుగుతోంది. అంత తేలిగ్గా తిరుగుతున్నదాన్ని చూస్తే ఇంక అడగాల్సింది ఏమీ లేదు. వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

కొస వచ్చింది. పిన్ని చెయ్యి చాచి పట్టుకుంది. ఈసారి గుడ్డ లేదు.

తెగిన తాడైతే కొస పీచులు పీచులుగా ఉంటుంది. ఇది అలా లేదు. పురి విడిపోకుండా కొసని సన్న దారంతో బిగించి, వరసగా, దగ్గర దగ్గరగా చుట్టి ఉంది. తాడుని మళ్లీ వాడుకోవాలనుకున్నప్పుడు తాళ్ల పనివాళ్లు చేసే పని అది. తీరిగ్గా కూర్చుని, రెండు చేతులతో చెయ్యాలి.

పిన్ని దాన్ని తిప్పి తిప్పి చూసింది.

“తెగలేదే,” అంది. “ముందు కొస కట్టుకుని, తరవాత గది ముడి విప్పుకున్నాడు.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“ఆ గాలివానలో ఊరు దిగిపోతా ఉంది. తోక గది సంచి చిరిగి, ఆ బరువు ఊరిని కిందికి లాగుతా ఉంది. ఇంక అయిపోయిందనుకుని అందరం ఒకచోట కూచున్నాం. ఉన్నట్టుండి తేలికపడి పైకి లేచింది. దేవుడి దయ అనుకున్నాం.” తాడు కొస చూపించింది. “ఈయన.”

ఆమె మోకాళ్ల మీద కూలబడింది. గట్టిగా ఏడ్చింది. మా ఊళ్లో అంత గట్టిగా ఎవరూ ఏడవరు. ఇళ్లలోంచి జనం వచ్చి, దగ్గరికి రావాలో వద్దో తెలియక నిలబడ్డారు. వరహాలు మావయ్యకి కూడా వినిపించినట్టుంది, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. తిరుపాలు దుప్పటి కప్పుకుని, తూలుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“అప్పుడే చెప్పేశాడు,” అంది పిన్ని కొంతసేపటికి. “రానని చెప్పేసే పోయాడు. ఇన్నేళ్లూ ఇది కిందే ఉంది. నేనే లాగలా.”

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఏమైనా చెప్పాలనుకున్నాను. పరవాలేదనీ, తొందరేం లేదనీ నోటిదాకా వచ్చిన మాటలన్నీ మా ఊరి మాటలే. ఒక్కటీ అనలేదు.

మబ్బులు చివరి వెలుగుని కాసేపు పట్టుకుని వదిలేశాయి. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. తాడు కొసని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో ఆ దారపు చుట్లని ఒక్కొక్కటీ నిమిరింది. తరవాత నాకు అందించింది.

“అంత గాలివానలో కూచుని, ఎంత గట్టిగా కట్టాడో చూడవే,” అంది.

గోరు పెట్టి చూశాను. ఒక్క చుట్టు కూడా కదల్లేదు.